బ్రాకెట్టు మూయని పూట

లంకలపేట మునిసిపాలిటీలో వాక్యాలను నిషేధించిన రోజున సుభాషిణి జ్వరంతో ఇంట్లో పడుకుంది. ఆ సంగతి తెలియక మర్నాడు ఆఫీసుకు వచ్చి, వీధి దీపాల ఫైలు మీద ఎప్పటిలాగే నాలుగు వాక్యాలు రాసింది. మధ్యాహ్నం భోజనాల వేళకు మెమో అందింది.

మెమోలో కూడా వాక్యం లేదు. పైన ఒక డబ్బా, అందులో ఆమె పేరు. ఆ డబ్బాలోంచి ఒక బాణం కిందకు దిగి 'వాక్యము రాయుట' అనే ఇంకో డబ్బాను పొడుస్తోంది. అందులోంచి మరో బాణం 'సంజాయిషీ'కి వెళ్ళింది. అక్కడ దారి రెండుగా చీలి, ఒకటి 'సంతృప్తికరము' దగ్గర, ఇంకొకటి 'క్రమశిక్షణ చర్య' దగ్గర ఆగిపోయాయి. మిక్సీ కొన్నప్పుడు అట్టపెట్టెలో ఇచ్చే కాగితమేమో అనుకుని సుభాషిణి దాన్ని ముందు తలకిందులుగా చూసింది. కింద కమిషనర్ గారి సంతకం కనబడ్డాక సరిగ్గా తిప్పి పట్టుకుంది.

సుభాషిణి ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. నోటు రాయడంలో జిల్లా అంతటా ఆమెకు పేరుంది. 'సదరు విషయమై' అని మొదలుపెట్టిందంటే, ఎవరినీ నొప్పించకుండా, ఏ మాటకూ దొరక్కుండా, ఒకే వాక్యాన్ని పేజీ చివరిదాకా నడిపించి, క్రియాపదం దగ్గర ఫైలును భద్రంగా దింపేది. పక్క మునిసిపాలిటీల గుమాస్తాలు ఆమె నోట్లను నకలు తీసుకుని పోయేవారు. అలాంటి మనిషిని ఇకమీదట వాక్యం రాయొద్దన్నారు. ఆమె కళ్ళు తుడుచుకుని, కొంగు సర్దుకుని, సంజాయిషీ చెప్పుకోవడానికి కమిషనర్ గారి గదిలోకి వెళ్ళింది.

కమిషనర్ మృత్యుంజయరావు గారు అప్పుడే సుపరిపాలన మీద శిక్షణ పూర్తి చేసుకుని వచ్చారు. మనిషి మంచివారు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. అనవలసి వస్తే సర్క్యులర్ వేస్తారు.

"అమ్మా సుభాషిణి గారూ, వాక్యం మీద నాకు వ్యక్తిగతంగా ద్వేషం లేదు" అన్నారాయన. "కానీ వాక్యంలో కర్త ఒకచోట, క్రియ ఇంకోచోట ఉంటాయి. ఆ రెంటి మధ్య నడవలేక పౌరుడు అలసిపోతున్నాడు. పరిపాలన అంటే ఏమిటి? డబ్బాలు, వాటి మధ్య బాణాలు. అంతకు మించి ఏదన్నా ఉంటే అది సాహిత్యం."

అంటూ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పారు. తెర నిలువునా రెండు భాగాలుగా ఉంది. ఎడమ పక్క రాసుకోవడానికి, కుడి పక్క ఖాళీ. ఆయన ఎడమ పక్కన, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఇలా కొట్టారు:

[కమిషనర్] --> [పట్టణం]

చివరి బ్రాకెట్టు పడీ పడగానే కుడి పక్కన రెండు డబ్బాలు వాటంతటవే లేచి నిలబడ్డాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి బాణం దూసుకుపోయింది. గీసేది లేదు, చెరిపేది లేదు. రాస్తుంటేనే బొమ్మ తయారవుతోంది. దీన్నే ప్రత్యక్ష చిత్రం అంటారని, దీనితో నడిచే పాలనకు 'ప్రత్యక్ష చిత్ర పరిపాలన' అని పేరు పెట్టానని ఆయన చెప్పారు. మీరూ ఒకటి కొట్టి చూడండన్నారు.

సుభాషిణి భయంభయంగా తన పేరు కొట్టి, బాణం పెట్టి, 'టీ' అని రాసింది. కుడి పక్కన సుభాషిణి, టీ ప్రత్యక్షమయ్యారు. మధ్యలో 'పంచదార ఉందా' అని చేర్చి, కమిషనర్ గారు చూపినట్టు మెలిక బ్రాకెట్లలో పెట్టింది. అది వజ్రం ఆకారంలో నిలబడి, అవును అని ఒక పక్కకు, కాదు అని ఇంకో పక్కకు దారి ఇచ్చింది. సుభాషిణికి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె రాసిన ఏ నోటూ నెల తిరక్కుండా ఫలితం చూపించలేదు. ఇక్కడ వేలు తీయకముందే ఫలితం కళ్ళెదుట నిలబడుతోంది. 'కాదు' కొసన 'బెల్లం' అని చేర్చింది. అదీ వచ్చింది. బయట మెమో తెచ్చిన అటెండరు తలుపు సందులోంచి చూసి, సంజాయిషీ ఇవ్వడానికి వెళ్ళిన ఆవిడ అలా నవ్వుతోందేమిటా అని హడలిపోయాడు.

ఆమె బయటకు వచ్చేసరికి ప్రత్యక్ష చిత్ర పరిపాలనకు నోడల్ అధికారిణి అయిపోయింది.

ఆ పక్షం రోజులూ సుభాషిణి గాల్లో నడిచింది. ఇంటి దగ్గర కూడా వేళ్ళు ఊరుకునేవి కావు. ఆమె భర్త రామ్మోహన్ హైస్కూల్లో తెలుగు మాస్టారు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన అంటే, ఎక్కువైంది అన్న డబ్బా నుంచి రెండు బాణాలున్నాయని, ఒకటి మజ్జిగ దగ్గరకూ ఇంకోటి ఊరుకోవడం దగ్గరకూ పోతుందని చెప్పింది. ఆయన మజ్జిగ పోసుకుని, ఊరుకున్నారు కూడా.

ఆఫీసు హాల్లో గోడంత తెర అమర్చారు. విభాగాలన్నీ ఒకే ఫైల్లో కోడ్ రాయాలి. రాసిన కోడ్ రాసేవాళ్ళకు తప్ప ఎవరికీ కనబడదు, బొమ్మ మాత్రం హాల్లో అందరికీ కనబడుతుంది. పంపుహౌస్, ట్యాంకులు, వీధులు, చెత్త బళ్ళు, పన్నులు, సెలవులు, పెళ్ళి ధ్రువపత్రాలు అన్నీ డబ్బాలై ఆ గోడ మీద కొలువుదీరాయి. ప్రారంభోత్సవం నాడు కమిషనర్ గారు సర్క్యులర్ విడుదల చేశారు. అది వాక్యాల్లోనే ఉంది. వాక్యాలను రద్దు చేసే వాక్యాలకు మినహాయింపు ఉందట.

'తెరపై కనిపించునదియే కార్యాలయము. తెరపై కనిపించనిది కార్యాలయ పరిధిలోనిది కాదు. తెరపై గల బాణమే ఉత్తర్వు. ఏ డబ్బాకు బాణము చేరదో ఆ డబ్బా పట్టణములో భాగము కాజాలదు.'

మేనేజరు గంగరాజు గారు దాన్ని హాల్లో అందరికీ వినబడేలా చదివి, ప్రతిని తన సొరుగులో పెట్టుకున్నారు. గంగరాజు గారు రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. ఆయనకు సర్క్యులర్ అంటే సర్క్యులరే. తప్పో ఒప్పో చూడరు, తేదీ, నంబరూ చూస్తారు. బాణం గుర్తు కొట్టడం మాత్రం ఆయనకు ఎంతకీ పట్టుబడలేదు. చివరకు బాణం కావలసిన చోటల్లా 'బాణం' అని అక్షరాలా రాశారు. దాంతో తెర మీద బాణం అనే పేరుతో బోలెడు డబ్బాలు వెలిశాయి. బాణం అనే విభాగం ఎక్కడుందని జనం వచ్చి అడగడం మొదలుపెట్టారు. వాళ్ళను గంగరాజు గారి దగ్గరికే పంపేవారు.

పార్కుకు బాణం పెట్టడం ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. సర్క్యులర్ ప్రకారం అది పట్టణంలో లేనట్టే కనుక వాచ్‌మన్ గేటుకు తాళం వేసి, తాళంచెవి ఎవరికివ్వాలో తెలియక, మెళ్ళో కట్టుకుని తిరిగేవాడు.

తరవాత చెత్త వ్యవహారం జరిగింది. శానిటరీ ఇన్స్పెక్టర్ డేవిడ్‌రాజు తన భాగం కోడ్ తానే రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ బాణాన్ని తిరగేశాడు. వీధుల్లోంచి డంపింగ్ యార్డుకు పోవలసిన బాణం, యార్డులోంచి వీధుల్లోకి వచ్చింది. మర్నాడు పొద్దున్నే ట్రాక్టర్లన్నీ యార్డుకు వెళ్ళి, నిండా చెత్త ఎత్తుకుని, మెయిన్ రోడ్డు మీద, బస్టాండు ఎదుట, గడియారం సెంటర్లో పద్ధతిగా కుప్పలు పోసి వచ్చాయి. బట్టల షాపుల వాళ్ళు షట్టర్లు ఎత్తబోయి మళ్ళీ దించేశారు. డ్రైవర్లను నిలదీస్తే, తెర మీద బాణం ఇటే చూపిస్తోంది, మమ్మల్నేం చేయమంటారు అన్నారు.

డేవిడ్‌రాజు కమిషనర్ గారి ఎదుట నిలబడ్డాడు. ఆయన కోప్పడలేదు. సిబ్బంది బాణాన్ని ప్రశ్నించకుండా పాటించడం ఈ రాష్ట్రంలో బహుశా ఇదే మొదటిసారి అని మెచ్చుకున్నారు. బాణాన్ని సరిచేయించారు. ట్రాక్టర్లు ఆ చెత్తనంతా మళ్ళీ ఎత్తి యార్డుకు చేర్చాయి. ఆ నెల నివేదికలో చెత్త తరలింపు అంతకు ముందు నెలకు రెట్టింపైంది. జిల్లా నుంచి అభినందన వచ్చింది. అది కూడా డబ్బాగానే వచ్చింది, చుట్టూ పూలతో.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ బొమ్మలో డబ్బాలు ఎక్కడ నిలబడాలో మనం చెప్పడానికి లేదు. కంప్యూటరే తనకు తోచినట్టు సర్దుతుంది. ఒక రోజు కమిషనర్ గారు హాల్లో నిలబడి తెర వైపు చాలాసేపు చూసి, పన్నుల విభాగం పైన ఎక్కడో ఉంది, మేనేజరు కింద ఉన్నారు, ఇంజనీరింగ్ వాళ్ళు ఎడమ మూలన ఉన్నారు, భవనంలో మాత్రం ఇలా లేదు కదా అన్నారు. చిత్రానికీ వాస్తవానికీ వ్యత్యాసం ఉండటం ఆడిట్ అభ్యంతరం అవుతుందని ఆయన దిగులు పడ్డారు. సాయంత్రానికల్లా పన్నుల విభాగం డాబా మీది రేకుల షెడ్డులోకి ఎక్కింది. గంగరాజు గారి బల్ల మెట్ల కిందకు దిగింది. అక్కడ ఆయన నిలబడితే తల తగులుతుంది కనుక, కమిషనర్ గారు వచ్చినా కూర్చునే నమస్కారం పెట్టే హక్కు ఆయనకు దక్కింది.

అయితే ఎవరు ఒక్క కొత్త డబ్బా చేర్చినా బొమ్మ మొత్తం జరిగిపోతుంది. కుక్కల లైసెన్సులని ఎవరో ఒక డబ్బా పెట్టారు. పన్నుల వాళ్ళు బీరువాలతో సహా కిందకు దిగారు, ఆరోగ్య విభాగం డాబా ఎక్కింది. మర్నాడు ఆ డబ్బా తీసేశారు. అందరూ మళ్ళీ సర్దుకున్నారు. కీబోర్డు ముందు ఎవరు కూర్చున్నా అటెండర్లు బీరువాకు ఆనుకుని, కొట్టేలా చూసేవారు. జనన ధ్రువపత్రం కోసం వచ్చిన ఒక పెద్దాయన ఆ విభాగం వెనకే మెట్లెక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, చివరకు కదులుతున్న బల్ల మీదే సంతకం చేయించుకుని వెళ్ళాడు. సుభాషిణి ఆ హడావిడిని చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆఫీసు ఇంత చురుగ్గా ఆమె ఎన్నడూ చూడలేదు.

చేపల వీధి నుంచి నూకరత్నం వచ్చిన రోజున ఆ నవ్వు ఆగింది.

నూకరత్నం మార్కెట్లో చేపలమ్ముతుంది. గొంతు పెద్దది, ఓపిక ఇంకా పెద్దది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చి, తమ వీధి కుళాయిల్లో నీళ్ళు రావడం ఆగి చాలా రోజులైందని చెప్పింది. కేబుల్ కోసం గొయ్యి తవ్విన వాళ్ళు కల్వర్టు దగ్గర పైపు పగలగొట్టి, మట్టి కప్పేసి పోయారట. సుభాషిణి ఆమెను తెర దగ్గరకు తీసుకెళ్ళింది. అక్కడ ట్యాంకు డబ్బా నుంచి చేపల వీధి డబ్బాకు నీలం రంగు బాణం నిక్షేపంలా ఉంది.

అంతలో కమిషనర్ గారు గదిలోంచి వచ్చి విషయం తెలుసుకున్నారు. ఆయన నూకరత్నానికి ఎంతో మర్యాదగా ఆ బాణం చూపించి, మీ వీధికి నీటి సరఫరా నిరంతరాయంగా జరుగుతోందని, ఈ క్షణంలో కూడా జరుగుతోందని, ఇది ప్రత్యక్ష చిత్రమని వివరించారు.

నూకరత్నం తెరను పైనుంచి కిందకు చూసింది. "మీ గీత మా వీధి దాకా వచ్చింది బాబూ, కాదన్ను. కళ్ళారా చూత్తున్నాను కదా. బిందె దాని కింద ఎట్టమంటారా?"

కమిషనర్ గారికి ఆ మాటలో పౌర చైతన్యం వినిపించింది. చేపల వీధి ప్రజలు తమ నీటి సరఫరాను స్వయంగా వీక్షించేందుకు హాల్లో బెంచీలు వేయించమన్నారు. మర్నాటి నుంచి ఆడవాళ్ళు ఎండ వేళ వచ్చి, బిందెలు పక్కన పెట్టుకుని, ఏసీలో కూర్చుని, నీలం బాణం చూస్తూ ఉల్లిపాయలు ఒలుచుకునేవారు. హాలంతా చేపల వాసన కమ్ముకుంది. నివేదికలో 'ప్రజా భాగస్వామ్యం' అని ఒక డబ్బా చేరింది. విభాగాలు మరోసారి గదులు మారాయి.

పైపు బాగుచేయాలని అసిస్టెంటు ఇంజనీరు ఫణికుమార్ అప్పటికే అనుమతి అడిగాడు. కుర్రవాడు, పని తెలిసినవాడు. ఆ అనుమతికి కూడా దారి తెర మీదే ఉంది. ఇంజనీరు నుంచి కమిషనర్‌కు, కమిషనర్ నుంచి తెర తనిఖీకి బాణాలున్నాయి. తనిఖీ దగ్గర 'బాణం ఉందా' అన్న వజ్రం ఉంది. ఉంటే పైపు బాగానే ఉన్నట్టు లెక్క, కాబట్టి అనుమతి అక్కర్లేదని తిరిగి ఇంజనీరు దగ్గరకు వస్తుంది. ఫణికుమార్ దరఖాస్తు అలా తిరుగుతూనే ఉంది. మరి ఆ బాణం తీసేస్తే పోలేదా అని సుభాషిణి అడిగింది. మెట్ల కింద నుంచి గంగరాజు గారు సర్క్యులర్ తీసి చదివారు. చేపల వీధికి ఉన్నది ఆ ఒక్క బాణమే. అది తీసేస్తే వీధి మొత్తం పట్టణంలో భాగం కాకుండా పోతుంది. లేని వీధికి పైపు వేయడానికి ఏ ఇంజనీరుకూ అధికారం లేదు.

"పార్కు చూశారు కదమ్మా" అన్నారాయన. "ఇప్పుడు నీళ్ళు మాత్రమే లేవు. ఆ బాణం తీశారంటే ఓట్లు కూడా ఉండవు."

ఆ సాయంత్రం సుభాషిణి ఇంటికి పోకుండా చేపల వీధికి వెళ్ళింది. వీధి కుళాయికి ఎవరో గుడ్డ చుట్టి కట్టేశారు, గాలికి దుమ్ము చేరకుండా. నూకరత్నం ఇంట్లో కోడలు పచ్చి బాలింతరాలు. తాడు మీద పసిపిల్ల బట్టలు ఆరేసి ఉన్నాయి. చెయ్యి వేస్తే అప్పడాల్లా గరగరమన్నాయి. రైలు గేటు దగ్గర బోరింగు నీళ్ళతో ఉతికారట. ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయని అందరూ చెప్పుకుంటారు గానీ, సుభాషిణి ఎప్పుడూ నోట్లో పోసుకోలేదు. గ్లాసుతో తెమ్మని అడిగి ఒక గుక్క తాగింది. రెండో గుక్క మింగలేకపోయింది. పిల్ల ఒళ్ళంతా పేలినట్టుగా ఉంది. కోడలు, మీరే కదండీ ఆ బాణం గీసింది అని మామూలుగా అడిగింది, పరిచయం కోసం అడిగినట్టు.

అవునని సుభాషిణి చెప్పింది. ఆ బాణం గీసిన పూట ఎంత సంబరపడిందో ఆమెకు గుర్తొచ్చింది. దానికి నీలం రంగు బాగుంటుందని ఎంచింది కూడా తనే. ఇంటికి చేరాక రామ్మోహన్ అన్నం వడ్డించి, ఏమైందని అడిగితే, ఉన్నదున్నట్టు వాక్యాల్లో చెప్పింది. ఆయన అంతా విని, ఇలా చెప్పి ఎన్నాళ్ళైంది నువ్వు అన్నారు.

మర్నాడు సుభాషిణి ఆఫీసుకు వెళ్ళి, ఫణికుమార్‌ను పక్కకు పిలిచి, మధ్యాహ్నానికి ఫిట్టర్లనూ పైపునూ కల్వర్టు దగ్గర సిద్ధంగా ఉంచమంది. అనుమతి లేదు కదండీ అన్నాడతను. ఇవ్వడానికి గానీ, కాదనడానికి గానీ ఎవరూ ఉండరు, నువ్వు వెళ్ళు బాబూ అంది. అతనికి అర్థం కాలేదు. అయినా వెళ్ళాడు.

భోజనాలయ్యాక ఆమె కీబోర్డు ముందు కూర్చుంది. ఫైలు మొట్టమొదటి పంక్తికి వెళ్ళింది. అక్కడ [లంకలపేట మునిసిపాలిటీ] అని ఉంది. చుట్టూ ఒకసారి చూసి, చివరి బ్రాకెట్టు తీసేసింది.

హాల్లో తెర ఒక్కసారి రెప్పకొట్టి తెల్లబోయింది. డబ్బాలు లేవు, బాణాలు లేవు. చేపల వీధి లేదు, డంపింగ్ యార్డు లేదు. పైన మూలగా ఎర్ర అక్షరాల్లో 'మొదటి పంక్తిలో తప్పు' అని మాత్రం నిలిచింది. బెంచీల మీది ఆడవాళ్ళు ఉల్లిపాయలు ఒలవడం ఆపారు.

గంగరాజు గారు మెట్ల కింద నుంచి వంగుని బయటకు వచ్చి తెర వైపు చూశారు. సొరుగులోంచి సర్క్యులర్ తీసి, కళ్ళజోడు తుడుచుకుని, నిదానంగా చదివారు. తెరపై కనిపించునదియే కార్యాలయము. తెరపై ఏమీ కనిపించడం లేదు. కాబట్టి కార్యాలయం లేదు. లేని కార్యాలయంలో కూర్చుంటే అది అక్రమ ప్రవేశం అవుతుందని ఆయన అభిప్రాయపడ్డారు. డాబా మీద నుంచి పన్నుల వాళ్ళు క్యారేజీలు పుచ్చుకుని బిలబిలా దిగారు. డేవిడ్‌రాజు ట్రాక్టర్లను ఎక్కడివక్కడ ఆపించాడు. అటెండర్లు బీరువాలకు దణ్ణం పెట్టి బయటపడ్డారు.

సందడి విని కమిషనర్ గారు గది తలుపు తీశారు. తెరను చూశారు. ముందుగా అందరూ చేసే పనే ఆయనా చేశారు. తన డబ్బా కోసం వెతుక్కున్నారు.

"నేనెక్కడున్నానండీ?" అని గంగరాజు గారిని అడిగారు.

"ప్రస్తుతానికి ఎక్కడా లేరండి" అన్నారు గంగరాజు గారు, ఎంతో వినయంగా.

ఆ తెర అమర్చిన కంపెనీ వాళ్ళను పిలిపించి తప్పు సరిచేయించాలని కమిషనర్ గారు అన్నారు. పిలవాలంటే ఆఫీసు పేరుతో పిలవాలి, ఆ ఆఫీసే లేదు కదా అని గంగరాజు గారు మనవి చేశారు.  సర్క్యులర్ కమిషనర్ గారిదే. అందులో ఎక్కడా సందు లేదు. రాసేటప్పుడు సందు లేకుండా ఉండాలనే రాశారు. ఆయన కారు డ్రైవర్ కూడా వెళ్ళిపోయాడు కనుక, రుమాలు తల మీద వేసుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు. దారిలో ఎవరూ నమస్కారం పెట్టలేదు. అది ఆయన తప్పు పట్టలేదు.

కల్వర్టు దగ్గర ఆ మధ్యాహ్నం తిరునాళ్ళలా ఉంది. రోడ్డు తవ్వడానికి అనుమతి అక్కర్లేదు, ఇచ్చేవాళ్ళు లేరు. వాల్వు కట్టేయడానికి సంతకం అక్కర్లేదు, పెట్టేవాళ్ళు లేరు. ఫణికుమార్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి గోతిలోకి దిగాడు. ఫిట్టర్లు పగిలిన ముక్క కోసి తీశారు. మగవాళ్ళు మట్టి ఎత్తారు, ఆడవాళ్ళు మజ్జిగ తెచ్చారు. మెళ్ళో తాళంచెవితో పార్కు వాచ్‌మన్ కూడా వచ్చి, ఎవరూ అడక్కుండానే గునపం అందుకున్నాడు. చేతికి పని దొరికి చాలా రోజులైందన్నాడు. సుభాషిణి గట్టు మీద నిలబడి, పట్టుచీర అంచు బురదలో తడుస్తున్నా గమనించకుండా, పిలవని పెళ్ళికి వచ్చి భోజనాల బంతి దాకా నిలబడ్డ మనిషిలా అటూ ఇటూ తిరిగింది.

పొద్దు వాలకముందే ఫణికుమార్ గోతిలోంచి చెయ్యి ఊపాడు. ట్యాంకు దగ్గర వాల్వు తిప్పారు. నూకరత్నం కుళాయికి చుట్టిన గుడ్డ విప్పింది. మొదట గాలి వచ్చింది, బుస్సుమంటూ. తరవాత తుప్పు రంగు నీళ్ళు దగ్గుతూ దగ్గుతూ వచ్చాయి. ఆ తరవాత తెల్లగా, దళసరిగా ధార పడింది.  వరసలో ముందున్న బిందెల్ని పక్కకు జరిపి, అందరూ బాలింతరాలి బిందెకు దారి ఇచ్చారు.

"ఈ పూట మీ ఆఫీసు లేదంట కదమ్మా" అంది నూకరత్నం, సుభాషిణి చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ. "అప్పుడప్పుడూ లేకపోతే బాగుణ్ణు."

సుభాషిణి ఆ తడి కాళ్ళతోనే ఆఫీసుకు వెళ్ళి, బ్రాకెట్టు పెట్టేసింది. మునిసిపాలిటీ మళ్ళీ ఉనికిలోకి వచ్చింది. చేపల వీధికి నీలం బాణం ఎప్పటిలాగే ఉంది. ఆ బొమ్మ ప్రకారం ఆ రోజు పట్టణంలో ఏమీ జరగలేదు.

మర్నాడు పొద్దున కమిషనర్ గారు పిలుస్తున్నారని కబురొచ్చింది. సుభాషిణి లోపలికి వెళ్ళగానే ఆయన లేచి తలుపు వేశారు. తెర మీద ఎవరు ఏ అక్షరం మార్చారో చూపించే పట్టిక తెరిచి ఉంది. తీసిన బ్రాకెట్టు ఎర్రగా, పెట్టిన బ్రాకెట్టు పచ్చగా, రెంటి పక్కనా ఆమె పేరు కనిపిస్తున్నాయి.  దాచేదేమీ లేదు కనుక ఆమె చేపల వీధి గురించి, ఉప్పు నీళ్ళ గురించి, పసిపిల్ల గురించి మొదలుపెట్టింది. కమిషనర్ గారు చెయ్యెత్తి ఆపారు.

"ఇది పట్టణ సార్వభౌమత్వానికి తాత్కాలిక విరామం కలిగించిన చర్య" అన్నారు. "నియమావళి ప్రకారం దీనికి ఒక సంజాయిషీ, దానికి రెండు బాణాలు ఉంటాయి. ఒకటి సంతృప్తికరమునకు."

రెండోది చెప్పకుండానే కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. కుర్చీలో కూర్చుని, ఆమెను కూడా కూర్చోమన్నారు. ఆ తరవాత ఆయన మాట్లాడిన భాష సర్క్యులర్లలో ఉండేది కాదు. తన క్వార్టర్స్ వెనక డ్రైను పూడిపోయి చాలా రోజులైందట. మురుగు వంటింటి గడప దాకా వస్తోందట. వాళ్ళావిడ పిల్లలను తీసుకుని అన్నగారింటికి వెళ్ళిపోయిందట. క్వార్టర్స్‌లో ఉండే మనిషిగా ఆయన కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు. కమిషనర్‌గా దాన్ని ఇంజనీరుకు పంపారు. ఇంజనీరు తెర తనిఖీకి పంపాడు. తెర మీద డ్రైను బ్రహ్మాండంగా పారుతోంది. కనుక దరఖాస్తు తిరిగి ఆయనకే వచ్చింది. అప్పటికే చాలాసార్లు వచ్చిందట. ప్రతిసారీ తనే తిరస్కరించి, తనకే తెలియజేసుకుంటున్నారు.

"నిన్న మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాక తట్టింది" అన్నారాయన గొంతు తగ్గించి. "అప్పుడు ఎవర్నైనా పిలిచి ఉంటే పని అయిపోయేది. ఆలస్యంగా తట్టింది. అందుకని అడుగుతున్నాను. ఆ బ్రాకెట్టు ఈ వారంలో మళ్ళీ పోయే అవకాశం ఏమన్నా ఉందా అమ్మా?"

సుభాషిణి ఆయన ముఖం వైపు చూసింది. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. నవ్వొస్తే ఏం చేయాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"శుక్రవారం పోవచ్చండి" అంది.

కమిషనర్ గారు తలూపి, భోజనాలయ్యాక పోయేట్టు చూడమన్నారు.